ఇంటర్లో సంస్కృతం తీసుకున్నవాళ్ళు చేతులెత్తండి

మన తెలుగు క్లబ్ మొదటి మీటింగ్‌లో ఒక సీనియర్ సరదాగా అడిగారు: "ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం ఎవరెవరు?" గదిలో దాదాపు అన్ని చేతులూ లేచాయి. నాది కూడా. అందరం పడీపడీ నవ్వాం. హాస్టల్‌కి వచ్చాక మాత్రం నాకు నవ్వు రాలేదు. తెలుగు మీద ఇష్టంతో చేరినవాళ్ళమే, రెండేళ్ళపాటు తెలుగుని వదిలేసి వచ్చాం.

ఈ విషయం మళ్ళీ గుర్తుచేసింది మా పిన్ని కొడుకు. వాడు ఈమధ్యే టెన్త్ పరీక్షలు రాశాడు. రిజల్ట్స్ రాకముందే రావులపాలెం దగ్గర వాళ్ళ ఇంటికి రెండు కాలేజీల పీఆర్వోలు వచ్చి వెళ్ళారు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, ఫీజులో ఎంత తగ్గిస్తారో చెప్పారు. వాడి రోజు ఎలా గడుస్తుందో మాత్రం చెప్పలేదు. అందుకే వాడు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నిజం చెప్పు. ఇంటర్ ఎలా ఉంటుంది?"

నిజమే చెప్పాను. నేను చదివిన రెసిడెన్షియల్ క్యాంపస్‌లో పొద్దున్న అయిదింటికి గంట కొట్టేవాళ్ళు. ఆరింటికి స్టడీ అవర్, తర్వాత క్లాసులు, మళ్ళీ రాత్రి పదింటిదాకా స్టడీ అవర్. వారం చివర్లో టెస్ట్. టెస్ట్‌లో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. టెన్త్‌లో స్కూల్ ఫస్ట్ వచ్చిన అమ్మాయికి అక్కడ మొదటి టెస్ట్‌లో నూట నలభయ్యో ర్యాంకు వస్తుంది. అది తెలివి తగ్గడం కాదు, అన్ని స్కూళ్ళ ఫస్టులూ ఒకే గదిలోకి వచ్చిపడటం. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే నేను ఆ నెలంతా ఏడ్చేదాన్ని కాదు.

అంతా చెడ్డే అని అనను. గంటల తరబడి కూర్చుని ఒక లెక్కని తేల్చడం నాకు అక్కడే అలవాటైంది. ఈ రోజు కోడ్ పనిచేయకపోతే విసుక్కోకుండా వెతుకుతున్నానంటే ఆ అలవాటే కారణం. ఇప్పటికీ నా దగ్గరి స్నేహితులు ఆ గదిలో దొరికినవాళ్ళే.

నా గొడవ వేరే. మా బ్యాచ్ ఎంపీసీ లెక్క చూడండి. మొత్తం 1000 మార్కులు. మొదటి ఏడాది 470, రెండో ఏడాది ప్రాక్టికల్స్‌తో కలిపి 530. ఇందులో ఇంగ్లీషుకి 200, సెకండ్ లాంగ్వేజ్‌కి 200, మిగతా 600 మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలవి. సంస్కృతం తీసుకుంటే తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో పడతాయని, తెలుగులో పడవని మాకు చేరిన రోజే చెప్పారు. ఇంకో సంగతి కూడా చెప్పారు: తెలుగుకి సెక్షనే లేదని. అంటే అడగకుండానే ఎంపిక అయిపోయింది.

నాకు సంస్కృతంలో 98 వచ్చాయి. ఇప్పుడు ఆ భాషలో నన్ను ఒక వాక్యం అడగండి, తెల్లమొహం వేస్తాను. చాలా ప్రశ్నలకి జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లీషులోనో రాసేశాం. పదేసి ప్రశ్నలు బట్టీ పట్టి అప్పజెప్పాం. సంస్కృతం గొప్ప భాషే, కానీ మేము నేర్చుకున్నది సంస్కృతం కాదు. దాన్నీ నేర్చుకోలేదు, తెలుగునీ పోగొట్టుకున్నాం.

పోనీ ఆ మార్కులు ర్యాంకుకైనా పనికొచ్చాయా అంటే, అదీ లేదు. ఎంసెట్‌లో, అంటే 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్నదాంట్లో, 160 ప్రశ్నలు, మూడు గంటలు. మా ర్యాంకులో పరీక్షకి 75 శాతం, ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ. ఆ 25 శాతం కూడా గ్రూప్ సబ్జెక్టుల 600 మార్కుల నుంచే లెక్కగడతారు. ఎన్‌ఐటీ సీటుకి ఇంటర్లో 75 శాతం ఉండాలంటారా, తెలుగు తీసుకున్నవాళ్ళకి కూడా అది వస్తుంది. మరి ఆ 98 ఎవరికోసం? వెయ్యికి 985 అని ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి. నా తెలుగు ఆ ఫ్లెక్సీకి పోయిందన్నమాట.

తప్పంతా కాలేజీలదే అనడం కూడా తేలిక. తెలుగు పేపర్ దిద్దేటప్పుడు చేయి బిగిస్తారన్న భయం పిల్లల్లో ఉంది. పక్క పేపర్‌లో 98 పడుతుంటే తెలుగులో 85 చాలని ఏ తల్లీ తండ్రీ అనరు. ఈ తేడా ఉన్నంతకాలం భాషాభిమానం గురించి ఉపన్యాసాలు చెప్పి లాభం లేదు. బోర్డు రెండు పేపర్లనీ ఒకే కష్టంతో ఇవ్వాలి, ఒకే చేత్తో దిద్దాలి. అప్పుడు ఇష్టమైనవాళ్ళు సంస్కృతం నిజంగానే చదువుతారు.

ఇంగ్లండ్‌లో మన ఇంటర్ వయసు పిల్లలు చదివేదాన్ని సిక్స్త్ ఫారమ్ అంటారు. మామూలుగా మూడు సబ్జెక్టులు ఎంచుకుంటారు. మ్యాథ్స్ పక్కన సాహిత్యాన్నో సంగీతాన్నో పెట్టుకోవచ్చు. అక్కడ అంతా బాగుందని కాదు, పదహారేళ్ళ పిల్లని "నీకేం కావాలి?" అని అడగడం ఉందని. మన దగ్గర 1969-70లో పీయూసీ పోయి రెండేళ్ళ ఇంటర్ వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న ఇంకా పీఆర్వోనే, అమ్మానాన్నలనే అడుగుతున్నారు. కందుకూరి వీరేశలింగం గారు తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పిన రాజమండ్రికి గంట దూరంలో కూర్చుని, "తెలుగుకి సెక్షన్ లేదు" అనే మాట మనకి వింతగా కూడా అనిపించడం లేదు.

మా తమ్ముడికి చివరికి చెప్పింది ఇదీ. కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ర్యాంకుల పాంప్లెట్ పక్కన పెట్టి నాలుగు అడుగు. తెలుగు చెప్పే లెక్చరర్ ఉన్నారా? సెక్షన్ మారితే లెక్చరర్లు కూడా మారిపోతారా? ఇంటికి ఫోన్ ఎన్నాళ్ళకోసారి? సాయంత్రం ఆడుకోవడానికి గంట ఉందా? నచ్చకపోతే దారులు ఇంకా ఉన్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. మన క్లాసులో అలా వచ్చినవాళ్ళు ల్యాబ్‌లో మనకంటే ముందుంటారు.

వాడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఒక కాలేజీలో అడిగాడట. "తెలుగు కావాలంటే పదిమంది ఉండాలి బాబూ" అన్నారట. ఇప్పటికి వాడు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు, మొత్తం ముగ్గురయ్యారు.

మీ ఇళ్ళల్లో కూడా ఈ ఏడాది టెన్త్ అయిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉండే ఉంటారు. ఒకసారి ఫోన్ చేయండి. ఇంకా ఏడుగురు కావాలి.