మంథర కన్ను

2020 మార్చి నెలాఖరు. లాక్‌డౌన్‌లో ఇళ్లకే పరిమితమైన జనం కోసం దూరదర్శన్ రామానంద్ సాగర్ ‘రామాయణ్’ను మళ్లీ ప్రసారం చేసింది. మా నానమ్మకు హిందీ రాదు. రామాయణం చూడ్డానికి హిందీ ఎందుకన్నది ఆవిడ వాదన. తెరపై మంథర కైకేయికి నూరిపోయడం మొదలుపెట్టగానే, ‘‘ఆ కన్ను చూశావట్రా, విషమంతా అందులోనే ఉంది’’ అంది. 1987లో ఆదివారం ఉదయాల్లో టీవీ ముందు కూర్చున్న ఎంతోమంది అనుకున్నదే ఆవిడ పైకి అంది.

ఆ కన్ను మేకప్ కాదు. షూటింగ్‌లో తగిలిన దెబ్బ.

లలితా పవార్ 1916లో నాసిక్ జిల్లా యేవలాలో పుట్టారు. అసలు పేరు అంబ. 1928 నాటి మూకీ ‘రాజా హరిశ్చంద్ర’తో చిన్న వయసులోనే తెరకెక్కారు. కథానాయిక అయ్యారు. టాకీలు వచ్చాక తన పాటలు తానే పాడుకున్నారు. 1932లో ‘కైలాష్’ మూకీకి నిర్మాణ భాగస్వామి. 1938లో టాల్‌స్టాయ్ ‘రిసరెక్షన్’ నవల ఆధారంగా ‘దునియా క్యా హై’ నిర్మించారు. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. ఈ లలితా పవార్ ఇప్పుడెవరికీ గుర్తులేదు.

1942లో ‘జంగ్-ఎ-ఆజాదీ’ చిత్రీకరణ. సన్నివేశం ప్రకారం భగవాన్ దాదా ఆమెను చెంపదెబ్బ కొట్టాలి. దెబ్బ నిజంగానే, గట్టిగా పడింది. ముఖం ఒక పక్క చచ్చుబడింది. ఎడమ కంటి నరం చిట్లింది. దాదాపు మూడేళ్లు చికిత్స సాగింది. ముఖం కుదుటపడ్డా కన్ను మాత్రం మునుపటిలా కాలేదు. కథానాయిక పాత్రలు అక్కడితో సరి.

సినిమా పేజీల్లో ఈ సంఘటనను విధి ఆడిన నాటకంగా రాస్తుంటారు. హీరోయిన్ పోయిందిగానీ గొప్ప క్యారెక్టర్ నటి దొరికింది కదా అన్న ధోరణి. నాకది మింగుడుపడదు. ఇదే ఏ మిల్లులోనో జరిగితే పని చేస్తుండగా జరిగిన ప్రమాదమనేవాళ్లం. కార్ఖానా కార్మికుల కోసం నష్టపరిహార చట్టం 1923లోనే వచ్చింది. సినిమా పనివాళ్లకంటూ ప్రత్యేక చట్టం చేయడానికి పార్లమెంటుకు 1981 దాకా తీరలేదు. అదీ తక్కువ పారితోషికం వాళ్లకే.

పరిశ్రమ చేసిందల్లా ఆ కన్నును వాడుకోవడం. 1950లో శాంతారామ్ ‘దహేజ్’తో మొదలుపెట్టి హిందీ తెరకు ఆమె శాశ్వత గయ్యాళి అత్త. మన సూర్యకాంతంలాగే అనుకోవచ్చు. కాకపోతే సూర్యకాంతం ఆయుధం నోరు, ఎడమ చేతి విసుర్లు. లలితా పవార్ నోరు విప్పకముందే జనం తీర్పు చెప్పేసేవారు. మంథరకు గూని, టీవీ శకునికి కుంటికాలు. ఒంట్లో అవకరం ఉంటే మనసులోనూ ఉంటుందన్న పాత లెక్క మనది.

ఆ లెక్క ఎంత దూరం పోయిందో 1955 నాటి గురుదత్ చిత్రం ‘మిస్టర్ అండ్ మిసెస్ 55’ చూస్తే తెలుస్తుంది. హిందూ వివాహ చట్టం విడాకుల హక్కు ఇచ్చిన సంవత్సరమది. అందులో ఆమె సీతాదేవి. స్త్రీల హక్కుల కోసం గొంతెత్తే మేనత్త. ఆస్తి దక్కాలంటే మేనకోడలికి పెళ్లి కావాలి గనక ఉత్తుత్తి పెళ్లి చేసి, ఆపై విడాకులిప్పించాలని చూస్తుంది. సినిమా హాయిగా నవ్విస్తుంది, పాటలు బాగుంటాయి, నాకూ ఇష్టమే. కానీ హక్కులడిగే ఆడదాన్ని జనం అసహ్యించుకోవాలంటే ఈ ముఖమే కావాలనుకోవడం గమనించదగ్గది. 22 ఏళ్లకే సొంతంగా సినిమా తీసిన మనిషికి దక్కిన పాత్ర అది.

అదే ఏడాది రాజ్‌కపూర్ ‘శ్రీ 420’లో అరటిపళ్లమ్మే గంగా మాయిగా కనిపించారు. ఫుట్‌పాత్ మీద బతికే, కడుపులో ఏమీ దాచుకోని మనిషి. ఇక 1959లో హృషీకేశ్ ముఖర్జీ ‘అనాడీ’ ఉండనే ఉంది. ఇంటి యజమానురాలు మిసెస్ డిసా ఉద్యోగం సద్యోగం లేని కుర్రాణ్ణి రోజూ తిడుతుంది, ఆ తిట్టే నోటితోనే అన్నానికి పిలుస్తుంది. చివరికి ఓ కంపెనీ నాసిరకం మందు తాగి చనిపోతుంది. ఆ పాత్రకు ఉత్తమ సహాయనటిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది. ‘ప్రొఫెసర్’ (1962)లో ముసలి వేషం కట్టిన షమ్మీకపూర్‌ను చూసి సిగ్గుపడే కరకు పెద్దమ్మను చూస్తే ఆమె చేయగలిగింది ఎంతో, చేయించుకున్నది ఎంతో అర్థమవుతుంది.

1961లో ‘సంపూర్ణ రామాయణ’ చిత్రంలోనూ మంథర ఆమే. పాతికేళ్ల తర్వాత, 70 ఏళ్ల వయసులో, బుల్లితెర మీద మళ్లీ అదే గూని. 1998 ఫిబ్రవరి 24న పుణేలో కన్నుమూశారు.

ఆ రోజు ఎపిసోడ్ అయ్యాక నానమ్మకు చెంపదెబ్బ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘‘వైద్యానికి డబ్బులేమైనా ఇచ్చారటనా?’’ అంది. మర్నాడు మంథర కనిపించగానే యథాప్రకారం తిట్ల దండకం ఎత్తుకుంది. కన్ను జోలికి మాత్రం పోలేదు.