కింద గది ఉందా?

డల్లాస్‌లో నేను, మా ఆవిడ, పాప, తమ్ముడు. విజిటర్ వీసా మీద అమ్మానాన్న వస్తున్నారని పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అద్దె, స్కూలు, ఆఫీసు దూరం... అన్నీ చూశా, మెట్లు తప్ప. బెడ్‌రూమ్‌లన్నీ పైనే! మోకాళ్ల నొప్పులతో అమ్మ రోజుకు ఒక్కసారే దిగేది. అడిగితే, "పైన బానే ఉందిరా" అనేది.

మీరైతే ముందు కింద బెడ్‌రూమ్, బాత్రూమ్ ఉన్నాయేమో చూడండి. నడిచెళ్లే దూరంలో పార్కు ఉండాలి. ఇక్కడ కారు నడపలేకపోతే ఇంట్లో బందీలే. అతిథులు ఎన్నాళ్లు ఉండొచ్చో చాలా లీజుల్లో పరిమితి ఉంటుంది. ఆర్నెల్లు ఉండేవాళ్ల సంగతి సంతకానికి ముందే ఓనర్‌తో రాయించుకోండి.

వాళ్లు రెండోసారి వచ్చేసరికి ఇల్లు మారాం. అద్దె ఎక్కువే. కానీ పొద్దున్నే వంటింట్లోంచి అమ్మ కాఫీ వాసన వస్తోంది.