ఎడ్రూస్‌ను గద్దారు అనే ముందు

ప్రతి యేటా సెప్టెంబరు నెల వచ్చేసరికి రెండు మాటలు నా చెవిన పడుతుంటాయి. ఒకటి బయటివారు మనల్ని అనే మాట, రెండవది మనవారు మనలోని ఒకరిని అనే మాట. మొదటిది "రజాకార్లు", రెండవది "గద్దారు". మొదటి మాటకు జవాబు చెప్పడానికి మనం ఎప్పుడూ సిద్ధమే. రెండవ మాటను మాత్రం మనమే తరతరాలుగా మోస్తున్నాం. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండవ మాట గురించి.

ముందు మొదటిది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కార్యాలయంలో తోటి గుమాస్తా ఒకరు టీ తాగుతూ, "ఏం సాబూ, మీ తాత రజాకారేనా?" అని నవ్వులాటగా అడిగారు. మా దాదా కడప పసుపు మండీలో లెక్కలు రాసేవారు. ఆయన పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, పన్ను కట్టింది మద్రాసు ప్రభుత్వానికి, నిజాం ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు. ఇవన్నీ ఆ రోజు చెప్పలేకపోయాను. కొత్త ఉద్యోగం, కింది కుర్చీ. నవ్వి ఊరుకున్నాను.

ఇక రెండవ మాట. పెద్ద దర్గా ఉరుసుకు హైదరాబాదు నుండి వచ్చే మా మామూ ఒకరు, రాత్రి భోజనాలయ్యాక పాత సంగతులు తీసేవారు. ఎక్కడ మొదలుపెట్టినా చివరకు ఒకే చోట ఆగేవారు: "ఎడ్రూస్ నే బేచ్ దియా." అంటే హైదరాబాదు సంస్థాన సేనాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎడ్రూస్ రాజ్యాన్ని అమ్మివేశాడని. చాప మీద కూర్చుని విన్న మా పిల్లలందరికీ ఆ పేరు, ఆ నింద కలిసే గుర్తున్నాయి. ఉద్యోగ విరమణ తరువాత తీరిక చిక్కి ఆ కాలపు పుస్తకాలు చదివాను. చదివిన మేరకు నాకు తోచినది పాఠక సోదరసోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

నిజాం సైన్యం గురించి కడపవాడు ఎందుకు మాట్లాడాలి అని అడగవచ్చు. ఆ సైన్యంతో మన సీమకు ఉన్న బంధం చాలా పాతది. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైనిక సహకార ఒప్పందం చేసుకున్నారు. రాజ్యరక్షణ కంపెనీ పటాలం చూసుకుంటుంది, దాని ఖర్చు నిజాం భరించాలి. 1799లో శ్రీరంగపట్టణంలో టిప్పు సుల్తాన్ అమరులైన తరువాత ఆయన రాజ్యంలో కొంత భాగం నిజాం వాటాకు వచ్చింది. 1800 అక్టోబరు ఒప్పందంతో, పటాలం ఖర్చు కింద, నిజాం మైసూరు యుద్ధాలలో తన వాటాకు వచ్చిన భూభాగాన్ని కంపెనీకి శాశ్వతంగా రాసి ఇచ్చారు. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం, ఇవే దత్తమండలాలు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చారు. సూటిగా చెప్పాలంటే, ఒక సైన్యం జీతానికి బదులుగా మన సీమను ఇచ్చివేశారు. అద్దె సైన్యాన్ని నమ్ముకున్న పాలకుడు చివరకు ఏమి పోగొట్టుకుంటాడో మన ఊరి పేరు మీదే దస్తావేజు ఉన్నది. కాబట్టి మాట్లాడే హక్కు మనకూ ఉన్నదనుకుంటాను.

ఇక 1948కి వద్దాం. హైదరాబాదు సంస్థానపు సైన్యం ఇరవై నాలుగు వేలలోపు. వారిలో పూర్తి శిక్షణ పొందినవారు ఆరువేల మందే. ఆయుధాల రాకకు భారత ప్రభుత్వం అడ్డుకట్ట వేసింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుండి రాత్రిపూట విమానాలలో తుపాకులు చేరవేయవలసి వచ్చింది. చుట్టూ నాలుగువైపులా భారత భూభాగమే, సముద్రం లేదు. ఈ పరిస్థితిలో ఎంత గొప్ప సేనాని అయినా ఏమి చేయగలడు?

దీనిపై రెండు సాక్ష్యాలున్నాయి. ఎడ్రూస్ తన జ్ఞాపకాలలో, భారత సైన్యాన్ని ఎక్కువకాలం నిలువరించలేమని పాలకులకు చెప్పానంటారు. నాటి ప్రధానమంత్రి మీర్ లాయఖ్ అలీ తన పుస్తకంలో నెపాన్ని సేనాధిపతి మీదికి నెడతారు. ఇద్దరూ తమ తమ పక్షాన రాసుకున్నవారే. నేను ముప్ఫై ఏళ్లకు పైగా దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి. పని చెడిన తరువాత ప్రతివాడూ తన నోట్ సరిగానే ఉన్నదంటాడు. అందుకే మాటలు పక్కన పెట్టి, అధికారం ఎవరి చేతిలో ఉండేదో చూడాలి.

ఇక్కడే అసలు సంగతి తెలుస్తుంది. ఆనాటి హైదరాబాదులో ఆయుధాలు పట్టినవారు ఒక్క సైనికులే కాదు. లాతూరు న్యాయవాది కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు సంఖ్యలో సైన్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వారికి ఆజ్ఞ ఇచ్చేది ఎడ్రూస్ కాదు, రజ్వీ. వారు ఊళ్ల మీద పడినప్పుడు వారిని నిలిపి విచారించే అధికారం సేనాధిపతికి లేదు. ఆ అధికారం ఉన్న నిజాం ప్రభుత్వం ఆ పని చేయలేదు. ఒక రాజ్యంలో సేనాధిపతి ఉంటాడు, తుపాకులు మాత్రం సభలలో కేకలు వేసేవాడి చేతిలో ఉంటాయి. అటువంటి రాజ్యాన్ని ఎవరూ అమ్మనవసరం లేదు, అది అప్పటికే చేయి దాటిపోయింది.

రజాకార్ల చేతిలో చచ్చినవారు హిందూ రైతులు మాత్రమే కాదన్న సంగతి మన పిల్లలకు మనం చెప్పడం లేదు. "ఇమ్రోజ్" ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, భారత యూనియన్‌లో చేరడమే మేలని రాశాడు. 1948 ఆగస్టులో ఆయనను నడివీధిలో చంపారు. చచ్చినవాడూ కలిమా చదివినవాడే. మా దాదాను రజాకారు అన్నవారికి నేను నలభై ఏళ్ల తరువాత ఇస్తున్న జవాబులో ఈ పేరు కూడా ఉన్నది.

సేనాధిపతి ఎవరి మాట వినాలి? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) సిరియా యుద్ధరంగంలో వరుసగా విజయాలు సాధిస్తున్న కాలంలోనే, హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయిన వెంటనే ఆయనను సర్వసేనాధిపత్యం నుండి తప్పించి హజ్రత్ అబూ ఉబైదా (రజి)కు అప్పగించారు. గెలుపు అల్లాహ్ వల్ల కాక ఖాలిద్ వల్లనే వస్తున్నదని జనం అనుకోరాదన్నది దానికి ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. ఖాలిద్ వెనుక అంతటి సైన్యం ఉన్నది. ఆయన తిరగబడలేదు, అలిగి ఇంటికి పోలేదు. తన కింద పనిచేసిన వ్యక్తి కిందనే నిలబడి పోరాడారు. ఈ వృత్తాంతం జుమా ఖుత్బాలలో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. విన్నప్పుడల్లా ఖాలిద్ (రజి) వినయాన్నే మెచ్చుకుంటాం. కత్తి ఎంత పదునైనదైనా పాలన చేతిలోనే ఉండాలన్న ఉమర్ (రజి) నియమాన్ని గుర్తించడం తక్కువ.

మన పొరుగు దేశంలో ఆ నియమం తప్పితే ఏమయిందో చూశాం. 1958లో అయూబ్ ఖాన్, 1977లో జియా, 1999లో ముషారఫ్. మన దేశంలో అలా జరగలేదు. రాజ్యాంగం 53వ అధికరణం సర్వసైన్యాధ్యక్ష పదవిని రాష్ట్రపతికి ఇచ్చింది. ఆ హోదాలో జాకిర్ హుస్సేన్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, అబ్దుల్ కలాం కూర్చున్నారు. హైదరాబాదులోనే పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ 1978 నుండి 1981 వరకు భారత వైమానిక దళాధిపతిగా ఉన్నారు. సెప్టెంబరులో వాట్సాప్‌లో మనల్ని పరాయివారిగా చూపే వీడియోలు తిప్పేవారికి ఈ పేర్లు పంపినా ఫలితం ఉండదని తెలుసు. మన పిల్లలకు మాత్రం తెలియాలి.

తిరిగి ఎడ్రూస్ దగ్గరకు. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17వ తేదీన లాయఖ్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం యుద్ధ విరమణ ప్రకటించారు. 18వ తేదీ సాయంత్రం నగరం వెలుపల ఎడ్రూస్ తన ప్రభువు ఆజ్ఞ ప్రకారం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయారు. ఆజ్ఞ ఇచ్చింది నిజాం. 1950 జనవరి 26న ఆ నిజామే హైదరాబాదుకు రాజప్రముఖ్ అయ్యారు. ఆజ్ఞ ఇచ్చినవారిని మనం ఆలా హజ్రత్ అన్నాం, పాటించినవారిని గద్దారు అన్నాం. నగరం వీధుల్లో పోరాటం జరిగి ఉంటే మా మామూ బతికి ఉరుసుకు వచ్చి ఉండేవారా అన్నది నాకు ఇప్పుడు తోచే ప్రశ్న. ఆయన ఉండగా అడగడానికి అంత తెలివి లేదు.

అలాగని ఎడ్రూస్‌లో తప్పే లేదని నేను అనను. రజాకార్లు తన అధికార పరిధికి బయట ఆయుధాలు పట్టి తిరుగుతున్న కాలంలోనే ఆయన పదవిని వదులుకుని ఉండవలసింది. ఇద్దరు సేనాధిపతులు ఉన్న రాజ్యంలో తాను ఉండనని లిఖితంగా చెప్పి తప్పుకుంటే నిజాం కళ్లు తెరిచేవారేమో, తెరవకపోయేవారేమో. కనీసం ఆ మాట దస్త్రంలో ఉండేది. సేనాధిపతి పాలకుడికి విధేయుడే, కానీ చేదు నిజం చెప్పడం ఆ విధేయతలో భాగమే. చెప్పానని ఆయన రాసుకున్నారు. చెప్పినా వినని చోట కుర్చీని పట్టుకుని ఎందుకున్నారన్న దానికి ఆయన జవాబు నన్ను తృప్తిపరచలేదు.

అయిదు రోజుల యుద్ధంలో సంస్థాన సైనికులు ఎనిమిది వందల పైచిలుకు, రజాకార్లు పదమూడు వందలకు పైగా చనిపోయారని సైనిక లెక్కలు. అసలు ఘోరం ఆ తరువాత జరిగింది. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు 1948 చివరిలో జిల్లాలు తిరిగారు. 27 వేల నుండి 40 వేల మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో పాలుపంచుకున్నారని, మరికొన్నిచోట్ల సైన్యమే ముస్లింలను కాపాడిందని ఆ నివేదిక రెండూ చెబుతుంది. ఆ నివేదిక 2013 దాకా సామాన్యుల కంటబడలేదు.

ఆ నెలలలో హైదరాబాదులో అందరికన్నా పై సైనికాధికారి చౌధురి. 1949 చివరి దాకా సైనిక గవర్నరు ఆయనే. సర్ఫ్-ఎ-ఖాస్‌ను ప్రభుత్వంలో కలపడం, జాగీర్లను రద్దు చేయడం ఆయన పాలనలోనే జరిగాయి. వాటిని నేను తప్పుపట్టను, జాగీర్దారు కింద నలిగిన రైతులలో మనవారూ ఉన్నారు. కానీ చిన్న చిన్న ముస్లిం ఉద్యోగులు ఎందరో ఆ రోజుల్లో కొలువులు పోగొట్టుకున్నారు. గుమాస్తా జీతం మీద ఎంతమంది బతుకుతారో నాకు తెలుసు కనుక ఆ భాగం చదవడం కష్టమైంది. యుద్ధాన్ని అయిదు రోజులలో ముగించిన సేనాని, తన ఏలుబడిలోని పల్లెల ప్రాణాలకు కూడా జవాబుదారీ. సుందర్‌లాల్ నివేదికను దాచడంతో ఆ జవాబు అడిగే వీలు లేకుండా పోయింది. చౌధురి 1962లో భారత సైన్యాధిపతి అయ్యారు.

మిగిలినవారి సంగతి కూడా చెప్పాలి. లాయఖ్ అలీ 1950లో గృహనిర్బంధం నుండి తప్పించుకుని పాకిస్తాన్ చేరారు. రజ్వీ జైలు శిక్ష ముగించుకుని 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఊళ్లలో మిగిలిన ముస్లింలను ఎవరు కాపాడతారని వెళ్లేముందు ఇద్దరిలో ఎవరైనా ఆలోచించారా? గద్దారు అని మనం పిలిచిన ఎడ్రూస్ ఈ దేశంలోనే ఉండిపోయారు.

ఈ సెప్టెంబరులో మా వీధి పఠన మందిరంలో మూడు ఆదివారాలు సుందర్‌లాల్ నివేదికను తెలుగులో చెప్పుకుంటూ చదవాలని అనుకుంటున్నాం. ఇంటర్ చదివే పిల్లలను, వారితోపాటు వారి అమ్మలను కూడా పిలిచాం. ఒకప్పుడు మా కార్యాలయంలో పనిచేసి విరమించిన ఇద్దరు హిందూ మిత్రులు వస్తామన్నారు. హైదరాబాదులో ఉన్న మా మామూ మనవడికి కూడా ఫోన్ చేశాను. "దాదా ఎడ్రూస్ గురించి అలా అనేవారు కదా, ఆయన మాట తప్పంటారా?" అని అడిగాడు. రమ్మన్నాను. టికెట్టు తీసుకున్నానని నిన్న చెప్పాడు.