అల్లరి చేయని పిల్లను కూడా గమనించండి

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో "మావాడు ఒకచోట కుదురుగా కూర్చోడండీ" అని మగపిల్లవాణ్ణి డాక్టరు దగ్గరకు తెచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. మూడుసార్లు పిలిస్తే గాని పలకని ఆడపిల్లను మాత్రం తీసుకురావడం అరుదు. ఆమె వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు కదా! మా దిగులు ఆ పిల్ల గురించే.

డాక్టర్లు ఎ.డి.హెచ్.డి. అనే ఈ సమస్యలో అతిచురుకుదనం తప్పక ఉండాలని లేదు. కొందరిలో ఏకాగ్రత లోపం ఒక్కటే ఉంటుంది. కూడిక గుర్తును తీసివేతగా చూడడం, పెన్సిలు, రబ్బరు తరచూ పోగొట్టుకోవడం, మూడు పనులు చెబితే ఒకటి చేసి మిగతావి మరచిపోవడం వంటివి కనిపిస్తాయి. ఇవి ఏ పిల్లలైనా చేసేవే. అయితే 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోను బడిలోను ఆరు నెలలకు పైగా కనిపిస్తూ, చదువుకు అడ్డు వస్తుంటే చూపించాలి. మిరప కోతలకు అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు వెళ్లి, నెలల తరబడి బడి మానిన పిల్లవాడు పాఠం అందుకోలేకపోతే అది జబ్బు కాదు.

ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి. నిద్ర సరిపోతోందా చూడండి. కొందరు పిల్లలు కొన్ని సెకన్లపాటు అలాగే చూస్తూ, తట్టినా పలకకుండా ఉండిపోతారు. అది పరధ్యానం కాకపోవచ్చు, ఒక రకమైన మూర్ఛ కావచ్చు. దాని వైద్యం వేరు.

ఎ.డి.హెచ్.డి.ని తేల్చిచెప్పే రక్తపరీక్ష గాని స్కానింగు గాని లేవు. తల్లి, టీచరు చెప్పేది ఓపికగా వినడమే ఇందులో ముఖ్యమైన పరీక్ష. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ సమస్య కూడా ఉంది. సర్కారు బడికి ఆ వైద్యబృందం వచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి.

"రెండు తగిలిస్తే సరి", "హాస్టల్లో వేస్తే దారికొస్తుంది" అనే మాటలతో మేము ఏకీభవించము. తెలిసి చేయని తప్పుకు దెబ్బలు తిన్న పిల్ల, తాను మొద్దునని నమ్మేస్తుంది. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, ఒక్కోసారి ఒక్క పనే చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం మేలు. ఆరేళ్లలోపు వారికి మందుల కంటే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. పెద్దపిల్లలకు మందు అవసరమైతే నిపుణులైన డాక్టరే రాయాలి. పక్కింటి పిల్లవాడి మాత్ర వేయకండి.

సందేహముంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు పిల్ల నోటుపుస్తకాలు రెండు, క్లాసు టీచరు రాసిచ్చిన కాగితం వెంట తెచ్చుకోండి.