ల్యాప్‌టాప్‌కీ నాలుగేళ్ల కోర్సే!

కౌన్సెలింగ్‌ అయిపోయింది. సీటు ఖాయమైంది. హాస్టల్‌ ఫీజూ కట్టేశారు. ఇక మొదలవుతుంది ఇంట్లో అసలు చర్చ... 'ఏ ల్యాప్‌టాప్‌ కొందాం?' మేనమామ కొడుకు ఒక కంపెనీ పేరు చెబుతాడు. పక్కింటి సాఫ్ట్‌వేర్‌ అబ్బాయి 'ఆ కంపెనీదా, వద్దే వద్దు' అంటాడు. షాపాయన మూడో పేరు చెబుతాడు. మధ్యలో నలిగిపోయేది నాన్న. వేరుశనగ అమ్మిన డబ్బో, బ్యాంకు ఇచ్చిన విద్యారుణమో ఆ పెట్టె మీద పెట్టాల్సింది ఆయనే కదా!

ఒకప్పుడు ఏర్పేడు అంటే రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో ఒక స్టేజీ, మలయాళ స్వామి స్థాపించిన వ్యాసాశ్రమం. 2015లో తిరుపతికి ఐఐటీ, ఐసర్‌ రెండూ వచ్చాయి. ముందు తిరుపతిలో తాత్కాలిక భవనాల్లో నడిచినా, వాటి శాశ్వత ప్రాంగణాలు వెలిసింది ఏర్పేడు మండలంలోనే. దేశం నలుమూలల నుంచీ ఇక్కడికి వచ్చే పిల్లల సామాన్లలో ట్రంకుపెట్టె లేకపోయినా ల్యాప్‌టాప్‌ సంచి తప్పకుండా ఉంటుంది.

ఆ సంచిలో ఉన్నది నమ్మకమైనదేనా? కొన్న రోజు అన్నీ బాగానే పనిచేస్తాయి. నాలుగో ఏడాది ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారం కూడా మొరాయించకుండా లేస్తేనే అది నమ్మకమైన ల్యాప్‌టాప్‌. కాబట్టి పిల్లలతో పాటు దానిదీ నాలుగేళ్ల కోర్సే అనుకుని ఎంచుకోవాలి.

పేరు కాదు... మోడల్‌

'ఏ కంపెనీ మంచిది?' అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఒకే కంపెనీ చవక రకాలూ చేస్తుంది, ఆఫీసుల కోసం గట్టి రకాలూ చేస్తుంది. కీలు బిగువుగా ఉందా, మూత ఒక చేత్తో ఎత్తితే తెర ఊగుతోందా, కీబోర్డు మధ్యలో నొక్కితే కుంగుతోందా... ఇవన్నీ షాపులోనే చూసుకోవాలి. కంప్యూటర్‌ సైన్స్‌ విద్యార్థికీ, మెకానికల్‌ విద్యార్థికీ అవసరాలు వేరు. సాలిడ్‌వర్క్స్‌ లాంటి డిజైన్‌ సాఫ్ట్‌వేర్‌ విండోస్‌ కోసం చేసింది. మ్యాక్‌బుక్‌ కొనుక్కుని ఆనక తలపట్టుకోవడం కంటే డిపార్టుమెంటులో సీనియర్లను ముందే అడగడం మేలు. ఆటల కోసం చేసిన బరువైన గేమింగ్‌ ల్యాప్‌టాప్‌ను రోజూ క్లాసుకు మోసుకెళ్లడమంటారా... పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే!

అంకెల గారడీ

అంకె పెద్దదైతే ప్రాసెసర్‌ కొత్తదని అనుకుంటాం. అన్నిసార్లూ కాదు. ఏఎండీ రైజెన్‌ 5 7520యూ 2022లో వచ్చింది. పేరు చూస్తే ఏడువేల వరస. లోపలున్న జెన్‌ 2 నిర్మాణం మాత్రం 2019 నాటిది. చివరి అక్షరం కూడా చూడాలి. 'యూ' ఉంటే కరెంటు తక్కువ వాడే రకం, 'హెచ్‌' ఉంటే వేగం, వేడి రెండూ ఎక్కువ.

ర్యామ్‌ 16 జీబీ ఉండేలా చూసుకోండి. 'ఇప్పుడు ఎనిమిది తీసుకోండి, తర్వాత పెంచుకోవచ్చు' అని షాపులో చెబితే వెంటనే అడగండి... 'ఖాళీ స్లాటు ఉందా?' అని. పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. ఆ తర్వాత పెంచడం కుదరదు. స్లాటు ఉన్నా ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు ఎలా ఎగబాకాయో చూశాం కదా! స్టోరేజీకి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. బాగా చవక రకాల్లో ఉండే ఈఎంఎంసీ జోలికి మాత్రం వెళ్లకండి.

517619కి వస్తారా?

'ఏడాది వారంటీ' అన్న మాట వినగానే సంబరపడకండి. వారంటీలో రెండు రకాలు. ఆన్‌సైట్‌ అయితే మెకానిక్‌ మన దగ్గరికే వస్తాడు. క్యారీ ఇన్‌ అయితే మనమే సర్వీస్‌ సెంటర్‌కు మోసుకెళ్లాలి. ఆన్‌సైట్‌ అని రాసి ఉన్నా అది అన్ని ఊళ్లకూ వర్తించకపోవచ్చు. అందుకే కొనకముందే కంపెనీ కస్టమర్‌ కేర్‌కు ఫోన్‌ చేసి, ఏర్పేడు పిన్‌కోడ్‌ 517619 చెప్పి అడగండి. 'హాస్టల్‌కు వచ్చి చేస్తారా? తిరుపతికి తీసుకురావాలా? ఈ మోడల్‌ విడిభాగాలు అక్కడ ఉంటాయా?' పరీక్షల వారంలో తెర పోతే, ఆ జవాబే మిమ్మల్ని కాపాడేది. మిగిలిన డబ్బుతో ప్రాసెసర్‌ ఒక మెట్టు పెంచడం కంటే వారంటీని మూడేళ్లకు పెంచుకోవడం చాలామందికి లాభం. బిల్లు మీద సీరియల్‌ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఇంటికి రాగానే కంపెనీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో సరిచూసుకోండి.

మన ఎండలకు తట్టుకోవాలి

చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదార్లు చెప్పే గది ఉష్ణోగ్రత పరిమితి 35 డిగ్రీలే. మే నెలలో మన దగ్గర ఎండ నలభై దాటుతుంది. వేడి, నిండా ఛార్జింగ్‌... ఈ రెండూ కలిస్తే లిథియం అయాన్‌ బ్యాటరీ త్వరగా ముసలిదైపోతుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టి వాడేవాళ్లు సెట్టింగుల్లో 80 శాతం పరిమితి ఉంటే దాన్ని పెట్టుకోవాలి. పరుపు మీద పెడితే గాలి ఆడక ఫ్యాన్‌ గోల పెడుతుంది. బల్ల మీదే వాడండి. టచ్‌ప్యాడ్‌ పైకి ఉబికి వస్తోందంటే లోపల బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. వెంటనే ఆపేసి సర్వీస్‌ సెంటర్‌లో చూపించండి. ఛార్జింగ్‌ పెట్టడం, బ్యాటరీని నొక్కడం, సూదితో గుచ్చడం వద్దే వద్దు.

పాతది కొంటున్నారా?

తప్పేం లేదు. ఆఫీసులు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌, లాటిట్యూడ్‌, ఎలైట్‌బుక్‌ లాంటివి గట్టివే. కానీ ఒక తిరకాసు ఉంది. విండోస్‌ 10కి మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్‌ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్‌ కావాలి. అంతకంటే పాతవి చవగ్గా వస్తున్నాయంటే కారణం అదే కావచ్చు. వాటిలో లైనక్స్‌ వేసుకుని చదువుకోవచ్చు, విండోసే కావాలంటే మాత్రం వదిలేయండి. బ్యాటరీ రిపోర్టు కూడా అక్కడికక్కడే తీయించండి. తయారైనప్పటి సామర్థ్యంలో ఇప్పుడు ఎంత మిగిలిందో అందులో తెలిసిపోతుంది.

ఏఐ మోజు

ఇప్పుడు ఏ డబ్బా మీద చూసినా ఏఐ అన్న ముద్రే. 2024 మేలో మైక్రోసాఫ్ట్‌ 'కోపైలట్‌ ప్లస్‌ పీసీ' అని ఒక కొలబద్ద పెట్టింది. సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ, 16 జీబీ ర్యామ్‌ ఉండాలంది. బాగానే ఉంది. కానీ పిల్లలు రోజూ వాడే చాట్‌జీపీటీ లాంటివి పనిచేసేది ఎక్కడో ఉన్న డేటా సెంటర్లలో. వాటికి కావాల్సింది ఇంటర్నెట్‌. ఎన్‌పీయూ లేకపోయినా అవి నడుస్తాయి. ఆ ముద్ర కోసం అదనంగా పదివేలు పెట్టే ముందు, దానితో మీరు చేసే పని ఒక్కటైనా ఉందా అని ఆలోచించండి.

కొత్త మోడల్‌ ప్రతి ఆరు నెలలకూ వస్తూనే ఉంటుంది. దాని వెంట పరిగెత్తక్కర్లేదు. కొనే ముందు ఒక నెల రోజులు ధరలు, మోడళ్లు గమనిస్తే చాలు. కొన్నాక మాత్రం ఒక్క అలవాటు చేసుకోండి. ప్రాజెక్టు ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోనే వదిలేయకుండా ఒక బయటి డ్రైవులోనూ, క్లౌడ్‌లోనూ దాచండి. ఎంత మంచిదైనా యంత్రం యంత్రమే. పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నాలుగేళ్ల కష్టం మాత్రం ఏ షాపులోనూ దొరకదు.