పండుగనాటి ఏకాకి

ధనుర్మాసం చివరి వారానికి వచ్చేసరికి తెలుగునాట జనప్రవాహం ఊళ్ల వైపు మళ్లుతుంది. హైదరాబాదు వీధులు భోగికి ముందే పలుచబడతాయి. గోదావరి జిల్లాలకు పోయే రైళ్లలో నిలబడడానికి చోటుండదు. ఈ సందడిని వర్ణించేవారు అనేకులు. వెళ్లడానికి ఇల్లు లేనివారిని గూర్చి, ఇల్లుండీ గుమ్మంలోకి ఎవరూ రానివారిని గూర్చి మాట్లాడేవారు అరుదు. సంతానమంతా విదేశాలలో స్థిరపడగా, దంపతులలో ఒకరు గతించి మిగిలిన రెండవవారు. భర్త పోయి ఏడాది గడవని స్త్రీ. సెలవు దొరకక హాస్టలు గదిలోనే ఉండిపోయిన యువకుడు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో మామూలు పనిదినంగా గడిచే సంక్రాంతినాడు ఫోనులో ఊరి ముగ్గులు చూచుకునే ఉద్యోగిని. వీరికి పండుగ ఒక పరీక్ష. సామాన్య దినాలలో మరుగున పడి ఉండే లేమి ఆ మూడు రోజులూ ఎదుటకు వచ్చి కూర్చుంటుంది.

ఇట్టివారికి వేదాంతాభిమానులు తరచుగా చెప్పే సమాధానం ఒకటి ఉన్నది. ఆత్మ అద్వితీయం, రెండవదే లేనప్పుడు ఒంటరితనం ఎక్కడిది అని. తత్త్వదృష్టిలో ఇందులో దోషం లేదు. చెప్పిన చోటులో, చెప్పిన సమయంలో, చెప్పినవాని అధికారంలో దోషమున్నది. పదిమంది నడుమ అరిసెలు తింటూ కూర్చున్నవాడు, పొయ్యి వెలిగించడానికి కూడా మనసు రాక కూర్చున్న వృద్ధురాలికి అద్వైతం బోధిస్తే దానిని జ్ఞానదానమనడం కష్టం. ఆమె ఇంటికి వెళ్లవలసిన పని తప్పించుకోవడానికి అది సులభోపాయం మాత్రమే.

శ్రుతి ఈ విషయంలో బోధకులకంటె ఎక్కువ దయ గలది. బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయం నాలుగవ బ్రాహ్మణంలో సృష్ట్యాదిని పురుషాకారుడై ఉన్నవాడు ఒక్కడే. నలుదిక్కులా చూచాడు, తనకంటె అన్యం కనిపించలేదు. మొదట భయపడ్డాడు. పిమ్మట, అన్యమే లేనప్పుడు భయం దేనివలన అని విచారించాడు. విచారంతో భయం తొలగింది. వేదాంతప్రసంగాలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. ఉపనిషత్తు ఆగలేదు. భయం తొలగినా అతనికి ఆనందం కలగలేదని, అందువలననే ఒంటరివాడు నేటికీ ఆనందం పొందలేడని చెప్పి, అతడు తోడును కోరాడని తరువాతి కథ నడిపింది. అనగా భయం విచారానికి లొంగింది; అరతి లొంగలేదు. శంకరభగవత్పాదులు తమ భాష్యంలో ఈ భయాన్ని, ఈ అరతిని హేతువులుగా చూపి, ప్రజాపతి పదవి సైతం సంసారంలోనిదే అని నిర్ణయించారు. పరమార్థంలో ఈ దుఃఖానికి చోటు లేదన్న మాట నిజమే. వ్యవహారంలో ప్రజాపతికే తప్పని దుఃఖం పండుగపూట ఒక ముదుసలికి కలిగితే, దానిని అజ్ఞానమని చులకన చేయడానికి ఎవరికి అధికారమున్నది?

భగవద్గీత పదమూడవ అధ్యాయంలో జ్ఞానసాధనాల పట్టికలో నిర్జనప్రదేశ నివాసమూ, జనసమూహమందు అరతీ కనిపిస్తాయి. అదే అరతి, దిశ మారింది. ప్రజాపతికి ఒంటరితనంలో రతి లేదు, సాధకునికి గుంపులో రతి లేదు. ఈ రెంటి నడుమ ఉన్న దూరం సుదీర్ఘమైన సాధన దూరం. దానిని భోగినాటి ఉదయాన ఒక్క ఉపన్యాసంతో దాటించడం ఎవరివల్లా కాదు. పైగా ఆ గీతాపదానికి భాష్యం వ్రాస్తూ ఆచార్యులు, ఇక్కడ సమూహమంటే సంస్కారహీనుల గుంపే కాని సంస్కారవంతుల సభ కాదనీ, సజ్జనసాంగత్యం జ్ఞానానికి ఉపకారకమనీ స్పష్టం చేశారు. ఏకాంతం వరించి తెచ్చుకున్నది. ఒంటరితనం విధించబడినది. ఒకదాని స్తోత్రాన్ని రెండవదానికి ఓదార్పుగా వల్లించడం రోగి పథ్యాన్ని ఆకలిగొన్నవానికి వడ్డించడం వంటిది.

ఏకాంతానికి ప్రమాణంగా అందరూ ఉదహరించే కథ భాగవతం ఏకాదశస్కంధంలోనిది. అవధూత యదుమహారాజుకు తన ఇరువదినలుగురు గురువులను వర్ణిస్తూ ఒక కన్యను స్మరిస్తాడు. ఆమె వడ్లు దంచుతుంటే చేతి శంఖవలయాలు చప్పుడు చేస్తున్నవి. సిగ్గుపడి ఒక్కొక్కటే తీసివేసి, చివరకు చేతికొక్కటి మిగిల్చింది, చప్పుడు ఆగింది. పలువురున్న చోట కలహం, ఇద్దరున్న చోట మాటలు, కనుక ఒంటరిగా చరించాలని అవధూత గ్రహించాడు. సరే. ఇంతకూ ఆ పిల్ల వడ్లు ఎందుకు దంచుతున్నదో చెప్పేవారు తక్కువ. ఆమెను వరించడానికి వచ్చినవారు ఇంట్లో కూర్చున్నారు. బంధువులు పొరుగూరు వెళ్లారు. అతిథులకు అన్నం పెట్టడానికి ఆమె ఒక్కతే దంచుకుంటున్నది. అవధూతకు ఏకాంతం నేర్పిన చేతులు నలుగురి అన్నం కోసం శ్రమిస్తున్న చేతులు. ఇల్లు ఖాళీగా ఉన్నదని ఆమె పొయ్యి ఆర్పుకోలేదు.

ధనుర్మాసానికి అధిదేవత వంటి గోదాదేవి సంగతి మరింత స్పష్టం. ఈ నెలరోజులు తిరుమలలో సుప్రభాతానికి బదులుగా వినిపించే తిరుప్పావై ముప్పది పాశురాలు గలది. అందులో ఆరు మొదలు పదిహేను వరకు, అనగా మూడవ వంతు, ఆమె కృష్ణుని వద్దకు వెళ్లనే లేదు. చలిలో, చీకటిలో, ఇంటింటి ముంగిట నిలిచి లోపల నిద్రించే చెలులను లేపుతూ ఉన్నది. బతిమాలుతుంది, ఎత్తిపొడుస్తుంది, నిష్ఠూరమాడుతుంది. అయినా ఏ ఇంటినీ విడిచి ముందుకు సాగదు. తానొక్కతె పోయి ఉంటే త్వరగా చేరేది కదా. భగవదనుభవం ఒంటరిగా ఆరగించే వస్తువు కాదని పూర్వాచార్యులు దీనికి సమాధానం చెప్పారు. ఇరువదియేడవ పాశురంలో నేయి మోచేతివరకు కారే పాయసాన్ని వారందరూ కలిసి కూర్చుని అనుభవిస్తారు. ఆనాడే ఆలయాలలో కూడారై ఉత్సవం. ఆ ప్రసాదానికి బారులు తీరే భక్తులు ముందరి పది వాకిళ్లను గూర్చి ఒక్క క్షణం ఆలోచిస్తే బాగుండును.

వాకిళ్ల ప్రసక్తి వచ్చింది గనుక అప్రియమైనా ఒక మాట. పేరంటానికి పిలవడానికి కుంకుమభరిణతో బయలుదేరిన గృహిణి రెండవ ఇంటిలో బొట్టు పెట్టి, మూడవ ఇంటిని దాటి, నాలుగవ ఇంటి తలుపు తడుతుంది. మూడవ ఇంటిలోని ఆమె కిటికీలోనుండి చూస్తూనే ఉంటుంది. నిరుడు ఆమెకూ పిలుపు వచ్చింది. చిన్నపిల్లల తలపై భోగిపళ్లు పోసి దీవించడానికి కూడా ఆమె చేయి పనికిరాదట. పతివియోగం పొందిన కుంతీదేవి చరణాలకు శ్రీకృష్ణుడు హస్తినాపురంలో అభివాదం చేశాడు. ఆమె పంపిన సందేశం మోసుకుని పాండవుల వద్దకు వెళ్లాడు. ఆ తల్లి ఆశీస్సు యుద్ధానికి పోయే కుమారులకు మంగళమయినప్పుడు, రేగుపళ్ల వేడుకకు అమంగళం ఎట్లా అవుతుంది? ఆచారమని సరిపెట్టుకునే గృహాలు ఆ ఆచారం వలన ఎవరు చీకట్లో కూర్చున్నారో చూడవలసి ఉన్నది.

సంక్రమణదినం తెలుగువారికి పెద్దల పండుగ కూడా. గతించినవారికి తర్పణం విడిచి, కొత్త బట్టలు పెట్టి, ఆ పిమ్మటనే తాము కట్టుకునే కుటుంబాలు కోస్తా జిల్లాలలో నేటికీ ఉన్నవి. కనుక పండుగనాడు కన్నీరు రాకూడదనే నియమం ఎవరు పెట్టారో తెలియదు కాని, ఈ పండుగ స్వరూపంలోనే స్మరణ ఉన్నది. పోయిన మనిషి పేరు చెప్పుకుని ఏడ్చిన ఇల్లు పండుగను పాడుచేసినట్లు కాదు. తర్పణవిధి చివర యజ్ఞోపవీతాన్ని పిండి విడిచే నీరు ఒకటి ఉన్నది. వంశంలో పుత్రహీనులై, తిలోదకమిచ్చే దిక్కు లేక గతించినవారికి అది. దిక్కులేని మృతులను కూడా మరువని విధిని శ్రద్ధగా జరిపి, ప్రక్కవాటాలో దిక్కులేక జీవించి ఉన్నవానిని మరచిపోవడం విచిత్రమే.

ఇక ఒంటరిగా ఉన్నవారి వైపు నుండి. ఎవరికోసం అనే ప్రశ్న వారిని ముందుగా నిర్వీర్యం చేస్తుంది. ఎవరికోసం ముగ్గు, ఎవరికోసం పొంగలి? పంచమహాయజ్ఞాల వ్యవస్థలో ఈ ప్రశ్నకు అవకాశం ఉంచలేదు. దేవతలకు ఒక భాగం, పితరులకు ఒకటి, కాకికి, ఆవుకు, అతిథికి మరొకటి అని ముందే పంచి పెట్టింది. గుప్పెడు కొత్త బియ్యంతో పొంగలి వండి నివేదిస్తే వండినామెకు తినేవారు అప్పుడే ఇద్దరైనారు. ఆ ప్రసాదం గిన్నెతో మెట్లు దిగి కాపలాదారు పిల్లలకు పెడితే మరి ఇద్దరు. పిలుపు కోసం ఎదురుచూడడం కంటె పిలవడం తేలిక అని చెప్పడం అన్యాయం. అది కష్టమే, మొదటి ఏడు మరీ కష్టం. కాని పిలుపు పెద్దదిగా ఉండనవసరం లేదు. ఆలయంలో తిరుప్పావై గోష్ఠిలో వెనుక వరుసలో కూర్చోవడం కూడా చేరికయే. దిగులు ముదిరి, వారాల తరబడి నిద్రాహారాలు చెడి, బ్రతుకు మీదనే విరక్తి కలిగితే దానిని వైరాగ్యమని భ్రమించరాదు. అప్పుడు వైద్యుని ఆశ్రయించాలి. కేంద్రప్రభుత్వం 2022లో ఆరంభించిన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులో కూడా లభిస్తుంది. జపం చేసేవాడు మందు వేసుకుంటే జపానికి లోటు రాదు.

భోగి మంటలకు, సంక్రాంతి పూజలకు తీరిక లేదని గృహస్థులు అనవచ్చు, అంగీకరింపదగినదే. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ఆనాడు ఊరికి వచ్చినవారెవరూ తిరుగుప్రయాణం కట్టరు. మినపగారెలు తిని మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుంటారు. మూడవ ఇంటి తలుపు అక్కడినుండి పది అడుగులు.