తుడిచి రాయనివ్వండి!

మార్కాపురం పలక మీద ఎన్ని తరాలు అక్షరాలు దిద్దాయో! తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాయొచ్చు, దాని గొప్పంతా అదే. నోటుపుస్తకం రాగానే ఆ వీలు పోతుంది. సైన్సు సంగతి మరీనూ. సీసీఈ పద్ధతిలో ప్రాజెక్టులకీ, రాతపనికీ మార్కులు పెడితే చాలామంది పిల్లలు (అమ్మానాన్నల సాయంతోనే లెండి) గైడు చూసి దించేశారు.

పశ్చిమ ప్రకాశంలో రాయడానికి సరుకు లేకనా? ఎన్నో పల్లెల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లమీద గార మచ్చలొస్తాయి. 'మన ఊరి నీళ్లు' అని ఓ పేజీ రాయమనండి. నాయనమ్మను అడిగి రాస్తారు. పక్కవాడు చదివి 'బోరు ఎన్ని అడుగులు?' అంటాడు. మళ్లీ వెళ్లి కనుక్కుని, కొట్టేసి తిరగరాస్తారు. గిద్దలూరు వైపు పిల్లలకైతే లెక్కలకీ, సోషల్‌కీ కంభం చెరువుంది.

అక్షరదోషాలకు ఎర్రసిరా చివర్లో తీయండి మాస్టారూ! ముందే తీస్తే పిల్లాడు మళ్లీ గైడే తెరుస్తాడు.